ఫిర్యాదుకి వెళ్ళి తెచ్చుకున్న మేక

గల్ఫ్‌లో, సీబ్ అనే ఊళ్ళో మేం అద్దెకుండే వీధికి పేరు లేదు. నంబరు ఉంది గాని అది ఎవరికీ గుర్తుండదు. ఇంటికి ఎవరైనా వస్తామంటే మా ఆయన ఫోన్లో ఇలా దారి చెప్పేవారు: "చేపల మార్కెట్టు దాటి మసీదు దగ్గర ఎడమకి తిరగండి. బాదం చెట్టు కింద తెల్ల కారు, కారు మీద మేక కనిపిస్తాయి. దాని ఎదురు మేడే మాది. మేక కనిపించకపోతే కాసేపు ఆగండి, వస్తుంది." అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు. మా ఆయన మాత్రం నవ్వేవారు కాదు. ఆ కారు ఆయనది.

మాది కాకినాడ. ఆయన విమానాశ్రయం దగ్గర ఏసీల కాంట్రాక్టు చూసే కంపెనీలో ఇంజినీరు. నేను ఇండియన్ స్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను. మా ఇంటి పైభాగం మాకు, కింది భాగం హైదరాబాదు ఆయనొకరికి అద్దెకిచ్చారు. ఆయన ఏదో కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. భార్యాపిల్లలు హైదరాబాదులోనే ఉండటంతో సాయంత్రాలు ఆయనకి తీరిక ఎక్కువ. ఆ తీరికంతా మా వీధి బాగోగులకి కేటాయించారు. వీధిలో అద్దెకుండేవాళ్ళందరినీ చేర్చి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. దానికి పెట్టిన పేరు క్షేమసమాచారాలకి సంబంధించినదే అయినా, అందులో ఎవరూ క్షేమంగా ఉన్నట్టు రాయగా నేను చూడలేదు. నీళ్ళ ట్యాంకరు సరిగ్గా స్కూలు బస్సు వచ్చే వేళకే వీధికి అడ్డంగా నిలబడుతుందని ఒకరు. గ్యాసు బండివాడు శుక్రవారం మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి హారన్ కొడతాడని ఇంకొకరు. పక్క మేడ ఏసీ నీళ్ళు తమ గుమ్మంలో పడుతున్నాయని మరొకరు ఫోటోతో సహా పెడితే, ఆ నీళ్ళు తమవి కావని పక్కవాళ్ళు వీడియోతో సహా పెట్టేవారు. కింది ఇంటాయన ప్రతి దాని కిందా, ఆఫీసు ఉత్తరంలో రాసినట్టు, "విషయం గమనించడమైనది" అని ఇంగ్లీషులో రాసేవారు. గమనించాక ఏమీ జరిగేది కాదు.

ఇన్ని గొడవల్లోనూ అందరూ ఒప్పుకున్నది ఒక్క మేక సంగతే.

అది గోధుమరంగు మేక. ఒక చెవి చివర తెల్లగా ఉండేది. ఎదురు వరుసలో, బాదం చెట్టుకి అవతల ఉన్న పాత ఇంటి పెద్దావిడది. ఆవిడకి ఇంకా మేకలుండేవి గాని అవి పెరట్లోనే పడుండేవి. ఇదొక్కటే గేటు సందులోంచి దూరి వీధిలోకొచ్చేది. మూల మీదున్న మునిసిపాలిటీ ఇనప చెత్తడబ్బా దగ్గర అట్టపెట్టెలు తిని, అక్కణ్ణించి బయల్దేరి గుమ్మాల ముందున్న కుండీలు చూసుకుంటూ, చివరికి మా కారు దగ్గరికి చేరేది. బాదం ఆకులంటే దానికి ప్రాణం. కింది కొమ్మల ఆకులు ఎప్పుడో అయిపోయాయి. బానెట్ ఎక్కితే పై కొమ్మలు అందుతాయి. అది చేస్తున్న పనిలో మా ఆయన మీద కోపమేమీ లేదు. కారు అక్కడుంది, ఎక్కింది, అంతే.

కారు తీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అక్కడ ఎండాకాలంలో నీడ లేకుండా కారు పెట్టినవాళ్ళు ఆ మాట అడగరు. ఒకసారి పంతానికి పోయి మా ఆయన వీధి చివర ఎండలో పెట్టారు. సాయంత్రం స్టీరింగ్ పట్టుకోలేక భుజం మీది తువ్వాలు చుట్టి నడుపుకుంటూ మళ్ళీ చెట్టు కిందకే తెచ్చారు. తర్వాత కారుకి కవరు కొన్నారు. మేక దాని అంచు తినేసింది. ఎవరో చెబితే కారం నీళ్ళు బానెట్ మీద చల్లారు. మేక వచ్చి వాసన చూసి, శుభ్రంగా నాకి, ఆ తర్వాతే ఎక్కింది. బాల్కనీలోంచి ఇద్దరం చూశాం.

"మన ఊరి కారమేనా అది?" అన్నారాయన.

"అదే. మా అమ్మ పంపింది," అన్నాను.

ఆయన లోపలికెళ్ళిపోయారు.

బానెట్ మీద సొట్టలు పెరిగాయి. ఫోటోలు గ్రూపులోకి వెళ్ళాయి. అప్పుడు తేలింది, మేక బాధితులు మేమొక్కళ్ళమే కాదని. ఒకరి కరివేపాకు మొక్క మోడైంది. ఒకరి గుమ్మం ముందు ఆరేసిన స్కూలు టై పోయింది. కింది ఇంటాయన ఆఫీసు చెప్పుల్లో ఒకదాని పట్టీ నమిలేసింది. ఆయన కొత్త జత కొనకుండా ఆ తెగిన పట్టీ చెప్పునే సాక్ష్యంగా ఒక కవరులో దాచారు. మూడు పేరాల సందేశం రాసి, చివర్లో, మేకగల పెద్దావిడతో వీధి తరఫున ఎవరైనా మాట్లాడాలన్నారు. అందరూ అవునన్నారు. ఎవరూ వెళ్ళలేదు.

ఒకరోజు ఆయన మెట్లెక్కి మా ఇంటికే వచ్చారు.

"చూడమ్మా, ఆ ఇంట్ల ఉండేది ఆడోళ్ళు. పెద్దామె, ఆమె బిడ్డ. మేం మగోళ్ళం పోయి గేటు కొడితే బాగుండదు. నువ్వు టీచరమ్మవు. నీకు అరబ్బీ గూడ వస్తది," అన్నారు.

"నాకేం వస్తుంది అన్నయ్యగారూ, కూరలు కొనడానికి సరిపడా," అన్నాను.

"అంత చాలమ్మా. మనమేమన్న భాషణం ఇస్తున్నమా? మీ మేకను కట్టేసుకోండి అంటే అయిపాయె."

మా ఆయన నావైపు చూసి తల ఊపారు. అలా నేను వీధి ప్రతినిధినయ్యాను.

మొదటిసారి ఒకరింటికి వెళ్తూ వట్టి చేతులతో ఎలా వెళ్ళడమని సున్నుండలు చేశాను. ఫిర్యాదుకి సున్నుండలేమిటని మా ఆయన అడిగారు. "మరి వట్టి చేతులూపుకుంటూ వెళ్ళి తిట్టి రమ్మంటారా?" అన్నాను. ఆయనకీ సబబుగానే తోచినట్టుంది. డబ్బాలోంచి రెండు తీసుకుని తిన్నారు.

పెద్దావిడ పెరట్లో చాప మీద కూర్చుని, మగవాళ్ళు పెట్టుకునే కుట్టుపూల టోపీ ఒకటి కుడుతున్నారు. నన్ను చూడగానే సూది టోపీకి గుచ్చేసి, ఎప్పటినుంచో నాకోసమే ఎదురుచూస్తున్నట్టు చాప మీద చోటు చూపించారు. నేను నోరు తెరిచేలోపు ఖర్జూరాలొచ్చాయి. హల్వా వచ్చింది. కహ్వా వచ్చింది. కాఫీ చాలనుకున్నప్పుడు ఖాళీ కప్పుని కాస్త ఊపి ఇవ్వాలని నాకు తెలుసు. చెప్పాల్సిన మాటలు లోపల వల్లెవేసుకుంటూ ఊపడం మర్చిపోయాను. ఆవిడ పోస్తూనే ఉన్నారు, నేను తాగుతూనే ఉన్నాను. సున్నుండ ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని, నా భుజం తట్టారు. ఇంత మంచావిడతో ఎకాఎకిన మీ మేక దొంగమేక అని ఎలా అనడం? మన దగ్గర ఎవరింటికైనా పిల్లాడి మీద చాడీ చెప్పడానికి వెళ్తే, మీవాడు బంగారమండీ అని మొదలుపెడతాం. నేనూ అలాగే మొదలుపెట్టాను.

మేకని చూపించి, "ఘనమ్ వాజిద్ జైన్," అన్నాను. మేక చాలా మంచిదని.

ఆవిడ మొహం విప్పారింది. ఔనౌనన్నారు.

కానీ రోజూ దీన్ని చూస్తూనే ఉన్నాను అని చెప్పాలి. "కానీ" అన్న మాటకి అరబ్బీ గుర్తుకి రాలేదు. వదిలేశాను. "కుల్ యోమ్ అనా షూఫ్," అన్నాను. రోజూ నేను చూస్తాను. ఆవిడ మేకవైపూ నావైపూ చూశారు.

దీని వల్ల మాకు నిద్ర కూడా లేదు అన్నాను. "దీని వల్ల" కూడా నాకు రాదు. "అనా మాఫీ నూమ్," అన్నాను. నాకు నిద్ర లేదు. బుగ్గకింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసి తెరిచి, తల అడ్డంగా ఊపి చూపించాను కూడా. ఆవిడ అయ్యో అన్నట్టు నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళు కాస్త చెమర్చాయి. నా ఫిర్యాదు సూటిగా గుండెకి తగిలిందనుకున్నాను. అదే ఊపులో అసలు విషయానికొచ్చాను. మేక, కారు, మా ఇల్లు అని వరసగా చూపించాను. ఆవిడ మా మేడవైపు చూసి, ఇంత దగ్గరికి కారెందుకు అన్నట్టు చెయ్యి ఊపారు. ఇక ఈ గొడవ ఆపండి అనడానికి నా దగ్గర ఒక్క మాటే మిగిలింది.

"ఖలాస్," అన్నాను.

"ఖలాస్," అని ఆవిడ కూడా తొడ చరిచి లేచారు. ఖలాస్ అంటే అయిపోయింది అనీ, బేరం కుదిరింది అనీ రెండు అర్థాలు. గూట్లోంచి తాడు తీసుకొచ్చి, మేక మెడకి కట్టి, రెండో కొస నా చేతిలో పెట్టి, మేక నుదుటి మీదా నా నుదుటి మీదా ముద్దు పెట్టుకున్నారు.

నేను వద్దు వద్దన్నాను. మర్యాదకి అంటున్నాననుకున్నారు. తాడు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఇంకా గట్టిగా నా చేతిలో పెట్టారు. ఈ పెనుగులాటలో మేక సున్నుండల డబ్బా మూత తినడం మొదలుపెట్టింది.

వీధి దాటి వస్తుంటే మా ఆయన బాల్కనీలో నిలబడి ఉన్నారు.

"ఏమన్నారు?" అని పైనుంచే అడిగారు.

"ఇచ్చేశారు."

"ఏది?"

"ఇదే."

ఆయన కాసేపు మేకని చూశారు. తర్వాత నన్ను చూశారు. "మాట్లాడమంటే కొనుక్కొచ్చావా?" అన్నారు.

"కొనలేదు. ఊరికే ఇచ్చారు."

"ఎందుకిచ్చారు?"

"నిద్ర పట్టట్లేదన్నాను," అన్నాను. ఇంతకన్నా వివరంగా వీధిలో నిలబడి చెప్పడం నావల్ల కాలేదు.

మేకని గేటుకి కట్టాం. అది అరవడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ అది అరవగా ఎవరం వినలేదు, కట్టేసినవాళ్ళు లేరు కాబట్టి. కింది ఇంటాయన బనీను మీద బయటికొచ్చి, సంగతంతా విని, తల పంకించి, లోపలికెళ్ళారు. లోపలికెళ్ళిన కాసేపటికే గ్రూపులో సందేశం వచ్చింది: గేటు దగ్గర కట్టిన మేక వల్ల శబ్ద కాలుష్యం కలుగుతోందని, యజమానులు తగిన చర్య తీసుకోవాలని. యజమానులంటే మేమే.

చీకటి పడేలోపు మేక తాడు కొరికేసుకుని తన దారిన తను పాతింటికి వెళ్ళిపోయింది. పీడా విరగడైందని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. అన్నం వడ్డించుకుంటుంటే కింద గేటు చప్పుడైంది. పెద్దావిడ స్వయంగా మేకని తోలుకొచ్చారు. ఒక చంకలో పచ్చగడ్డి కట్ట. కొత్త ఇల్లు కదా, దానికి ఇంకా అలవాటు కాలేదు, ఏమీ అనుకోవద్దు అని కళ్ళతో, చేతులతో చెప్పారు. మేక చెవి పట్టుకుని మందలించారు. మావారితో కూడా ఏదో అన్నారు. ఆయన ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టారు.

తర్వాత రోజుల్లో ఇదే వరస. మేం కడతాం, అది తెంచుకుంటుంది, ఆవిడ తీసుకొస్తారు, వచ్చిన ప్రతిసారీ ఇంకో గడ్డికట్ట. మా మెట్ల కింద గడ్డివాము తయారైంది.

మా ఎదుటి ఖాళీ స్థలంలో ఇల్లు కడుతున్నారు. అక్కడ పనిచేసే మేస్త్రి జగిత్యాల వైపు మనిషి. చల్లనీళ్ళ కోసం అప్పుడప్పుడు మా గుమ్మంలోకొచ్చేవాడు. గడ్డీ మేకా చూసి నవ్వుకుంటూ మా ఆయన్ని అడిగాడు.

"సార్, మేక మీదైందట గదా. దావత్ ఎప్పుడు మరి?"

"దావతేమిటి?"

"గదే సార్. శుక్రారం మాకు డ్యూటీ లేదు. సైట్ల మంచి కట్టెలున్నయ్. కోసుడు మావోడు కోస్తడు. మేడమ్ మసాల ఇస్తె చాలు, మొత్తం మేమే జేస్తం."

మా ఆయన మొహం గంటు పెట్టుకుని లోపలికొచ్చేశారు. మేస్త్రి నావైపు తిరిగి, "నేనేమన్న తప్పన్ననా మేడమ్?" అన్నాడు నొచ్చుకుని. "మేకనే గద."

నేను చల్లనీళ్ళ సీసా అతని చేతిలో పెట్టాను. మా ఆయనకి మటన్ లేనిదే శుక్రవారం గడవదు. కానీ ఆ వారం నుంచి, మాంసం కొట్టు నుంచి వచ్చేటప్పుడు సంచీని వీపు వెనక పెట్టుకుని గేటు దాటేవారు. నేను చూశానని తెలిసి, "చేతికి బరువుగా ఉంటే అటు మార్చుకున్నాను," అన్నారు.

ఆయనలో మార్పు ఎక్కడ మొదలైందో నేను చెప్పలేను. గ్రూపులో మాత్రం అందరికీ కనిపించింది. ఇంతకుముందు మేకని నిందించినవాళ్ళందరూ ఇప్పుడు "మీ మేక" అని ఆయన్ని సంబోధించి రాయడం మొదలుపెట్టారు. కరివేపాకు మొక్క మళ్ళీ చిగురిస్తే మీ మేక కొరికింది. మీ మేక మా డోర్‌మ్యాట్ మీద పడుకుంది. మొదట ఆయన క్షమాపణలు రాశారు. తర్వాత వివరణలు రాశారు. ఆ తర్వాత వాదించడానికి దిగారు. మొక్కని కుండీలో కింద పెట్టినవాళ్ళది తప్పు గాని, కనిపించిన ఆకు తిన్నదాని తప్పేమిటి? డోర్‌మ్యాట్ ఉన్నదే వచ్చినవాళ్ళ కోసం కదా? కింది ఇంటాయన పాత చెప్పు ఫోటో మళ్ళీ పెడితే, "ఆ సంఘటన జరిగిన నాటికి మేక మా యాజమాన్యంలో లేదు," అని రాశారు. కింది ఇంటాయన చాలాసేపు ఆలోచించి, "విషయం గమనించడమైనది," అని జవాబిచ్చారు. ఒకే మేడలో పైనా కిందా ఉంటూ ఇద్దరూ ఇలా రాసుకునేవాళ్ళు. మెట్ల దగ్గర ఎదురైతే మాత్రం వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

మేక మా కారు ఎక్కడం మానలేదు. ఇప్పుడు ఆయన బాల్కనీలో కాఫీ తాగుతూ చూసేవారు.

"సొట్టలు పడవూ?" అన్నాను ఒకసారి.

"మన మేక, మన కారు. మధ్యలో ఎవరికి నష్టం?" అన్నారు.

ఈ లోపల నాకు పెద్దావిడ కూతురు దొరికింది. బ్యాంకులో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి గాని రాదు. హిందీ, ఇంగ్లీషు రెండూ చక్కగా వచ్చు. ఒక సాయంత్రం ఆమె కారు దిగుతుంటే పట్టుకుని, మొదటినుంచి జరిగిందంతా చెప్పాను. ఆమె చేతిసంచీ కారు మీద పెట్టి, మొహం రెండు చేతుల్తో కప్పుకుని, కాసేపు భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత నెమ్మదించి హిందీలో అంది:

"అక్కా, మా అమ్మ మా బంధువులందరికీ చెప్పేసింది. ఇండియా టీచరమ్మ మన మేకని రోజూ చూసి చూసి, నిద్ర మానేసి, చివరికి మిఠాయి చేసుకుని వచ్చి అడిగింది అని. మా పెద్దమ్మ ఆ మాట విని ఏడ్చింది."

"నువ్వు మెల్లగా చెప్పి వెనక్కి ఇప్పించలేవా?"

"వెనక్కి ఇస్తే తను మంచి మేకని ఇవ్వలేదనుకుంటుంది. ఇంతకన్నా మంచిది ఇస్తుంది. పెరట్లో నల్లది ఒకటుంది. అది మేడల మీదకి కూడా ఎక్కుతుంది."

ఆ నల్లదాన్ని నేను చూశాను. వెనక్కి ఇచ్చే ఆలోచన అక్కడికక్కడే విరమించుకున్నాను.

చివరికి ఆమే ఒక ఏర్పాటు చేసింది. మేడలో ఉండే మనిషికి మేకని పెట్టుకునే చోటు లేదని తల్లికి నచ్చజెప్పింది. మేక మాదే. ఉండటం మాత్రం వాళ్ళింట్లో. దానికి పెద్దావిడ ఒక షరతు పెట్టారు. నేను ప్రతి శుక్రవారం వచ్చి దాన్ని చూసుకోవాలి, లేకపోతే నా మనసు ఏమైపోతుంది అని.

అలా శుక్రవారాలు మేకని చూడటానికి వెళ్ళడం మొదలైంది. నేను వెళ్ళేసరికి దాన్ని కడిగి, దువ్వి, చాప పక్కన నిలబెట్టేవారు. నేను దాని తల నిమిరేదాన్ని. అది నా చున్నీ కొంగు నోట్లో పెట్టుకునేది. ఆవిడ సంతోషంగా చూసేవారు. తర్వాత కహ్వా, ఖర్జూరాలు, కబుర్లు. టోపీ మీద పూలు కుడుతూ ఆవిడ ఒక్కో మాట చెప్పేవారు, నేను తిరిగి చెప్పేదాన్ని. "కానీ" అన్న మాట ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అది వచ్చాక మేక గురించి నిజం చెబుదామని ఒకసారి మొదలుపెట్టాను. ఆవిడ సూది ఆపి, నావైపు అంత శ్రద్ధగా చూశారు. నేను మాట మార్చి, కానీ ఈ ఖర్జూరాలు పోయినవారం వాటికన్నా బాగున్నాయి అని ముగించాను. నా అరబ్బీ బాగా మెరుగుపడిందని మెచ్చుకున్నారు.

నేను సున్నుండలు, అరిసెలు, ఒకసారి పులిహోర కూడా పట్టుకెళ్ళాను. పులిహోర ఆవిడకి నచ్చలేదు. మేకకి నచ్చింది.

ఖర్జూరాలు పండే కాలమొచ్చింది. ఆవిడకి రుస్తాక్ వైపు కొండల కింద ఊళ్ళో తోట ఉంది. ఎండాకాలం అక్కడికి వెళ్ళిపోతారు. మేకల్ని కూడా తీసుకెళ్తారు. ప్రయాణం రెండు రోజులుందనగా, మా మేకని తీసుకెళ్ళడానికి అనుమతి అడగడానికని కూతుర్ని వెంటబెట్టుకుని, ఆవిడ మొదటిసారి మా మెట్లెక్కారు. మా ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నేను చాయ్ పెట్టాను.

"ఎంతదూరం?" అని అడిగారాయన, దారి మొత్తం తెలిసి కూడా.

కూతురు చెప్పింది.

"పికప్‌లోనా? నీడ ఉంటుందా?"

"టార్పాలిన్ కడతాం అన్నా."

"అక్కడ తిండి?"

"తోటంతా తిండే."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, "మేం కూడా వెనకాల వస్తాం," అన్నారు. నేను ఆయనవైపు చూశాను. "ఎల్లుండి నాకు సెలవే," అన్నారు, నేనేమీ అడగకుండానే.

అలా సొట్టల బానెట్ కారులో, మేకల పికప్ వెనకే, కొండల్లోకి వెళ్ళాం. ముందు బండి గతుకు దాటినప్పుడల్లా ఆయన బ్రేకు మీద కాలు పెట్టేవారు. ఊరు చిన్నది. వెనక ఎర్రటి కొండ, కింద తోటలు, తోటల మధ్యనుంచి సన్నటి కాలవ. పికప్ తలుపు తియ్యగానే మేకలు దూకి, అప్పటికే అక్కడున్న మేకల్లో కలిసిపోయాయి. అన్నీ గోధుమరంగువే. తెల్ల చెవులవి కూడా ఎన్నో ఉన్నాయి. అక్కడి జాతే అదని తర్వాత తెలిసింది.

మా ఆయన మందలోకి వెళ్ళి ఒక్కోదాని మొహంలోకి చూడటం మొదలుపెట్టారు. ఒకదాన్ని చూపించి, "ఇదే," అన్నారు. పెద్దావిడ తల అడ్డంగా ఊపారు. ఇంకోదాన్ని చూపించారు. అదీ కాదు. అది మేకపోతని కూతురు మెల్లగా చెప్పింది. అంతలో పక్కనుంచి ఒకటి వచ్చి, మా కారు బానెట్ మీదకి ఎక్కి నిలబడింది. పైన చెట్టు కూడా లేదు. ఊరికే ఎక్కింది.

"ఇదీ," అన్నారాయన. ఆ మాటన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న ధీమా, మా పెళ్ళయ్యాక నేను విన్నది బహు తక్కువ.

పెద్ద పళ్ళెంలో అన్నం, చేప, కొత్త ఖర్జూరాలు పెట్టారు. తిని, సాయంత్రానికి బయల్దేరాం. ఆయన మేక దగ్గరికెళ్ళి కాసేపు నిలబడి వచ్చారు. అది తలెత్తి చూడలేదు. కాలవ గట్టు మీద గడ్డి దానికి బాగా కుదిరినట్టుంది.

మా వీధి ఖాళీ అయిపోయింది. ఇంటికి దారి ఎలా చెప్పాలో తెలియక మా ఆయన ఫోన్లో లొకేషన్ పంపడం మొదలుపెట్టారు. కరివేపాకు మొక్క ఏపుగా పెరిగింది. గ్రూపు కొన్నాళ్ళు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత మూల మీది ఇనప డబ్బా చుట్టూ అట్టపెట్టెలు పేరుకుపోతున్నాయని ఎవరో ఫోటో పెట్టారు. అన్నాళ్ళూ అవి ఎవరు తింటున్నారో అప్పుడు గాని అందరికీ తట్టలేదు. ఇది పరిశుభ్రతకి సంబంధించిన విషయమని, బాధ్యులు స్పందించాలని కింది ఇంటాయన పెద్ద సందేశం రాశారు. దాని కింద, విడిగా, మా ఆయన పేరుకి ఒక్క వాక్యం: "మీ మేక ఎప్పుడొస్తుందో తెలియజేయగలరు."

మా ఆయన ఆ సందేశం నాకు చూపించారు. చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని, మళ్ళీ తనే చదువుకున్నారు.

మేక రాలేదు. పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, ఇక అక్కడే ఉండిపోతానన్నారట. కూతురు సీబ్ ఇంట్లో ఒక్కతే ఉంటూ, వారం చివర్లో ఊరికెళ్ళి వస్తుంది. పెద్దావిడ మాత్రం శుక్రవారం తప్పకుండా నాకు ఫోన్ చేస్తారు. ఆరోగ్యాలు, ఎండలు, ఖర్జూరాలు అయ్యాక మేక సంగతి చెబుతారు. ఈ చలికాలం మొదట్లో, అది ఈనిందనీ, రెండు పిల్లలనీ, రెండూ నావేననీ చెప్పారు. నేను మా ఆయనకి చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని బయటికెళ్ళి స్వీట్లు తెచ్చారు. కింది ఇంటాయనకి ఒక డబ్బా ఇచ్చారు. ఎదుటి ఇల్లు పూర్తయినా, మేస్త్రి పక్క వీధిలో కొత్త సైట్లో ఉన్నాడని తెలుసుకుని అక్కడికీ వెళ్ళిచ్చారు.

"ఏంటి సార్ విశేషం?" అన్నాడట మేస్త్రి.

"మా మేక ఈనింది."

"అట్లనా," అని ఒక ముక్క నోట్లో వేసుకుని, "మూడైనయ్ అన్నట్టు," అన్నాడట. ఇంకేమీ అనలేదట. మంచివాడు అన్నారు మా ఆయన, ఇంటికొచ్చి.

మొన్న శుక్రవారం ఫోన్ వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఆయనే తీశారు. ఆయనకి అరబ్బీ నా పాటి కూడా రాదు. పెద్దావిడ ఏదో చెబుతున్నారు, ఈయన ఆ, ఆ అంటున్నారు. తర్వాత కాసేపు ఏ మాటా లేదు. చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి చూస్తే, బాల్కనీలో నిలబడి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, "హలో," అంటున్నారు. మళ్ళీ, "హలో," అన్నారు.

"ఏమైంది, కట్టయిందా?" అన్నాను.

ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. "ఆవిడ ఫోన్ దాని దగ్గర పెట్టారు," అన్నారు గొంతు తగ్గించి.

నేను పక్కకి వెళ్ళి చెవి పెట్టాను. అటునుంచి ఏదో నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"బాగానే తింటోంది," అన్నారాయన.